పసుప్పచ్చ సిలువ

సిలువ పీకెయ్యమని మొదట అన్నది పగవాళ్ళు కాదు. సంఘపెద్ద ఆదాం అన్నాడు. ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి చర్చి గంట కొట్టే ఆదాం, బాప్తిస్మాల రోజున భయపడే పిల్లల చెయ్యి పట్టుకుని కాలవలోకి దింపే ఆదాం, దీనమ్మ వసారాలో నులకమంచం అంచున కూర్చుని, తువ్వాలుతో లేని చెమట తుడుచుకుంటూ ఆ మాట అన్నాడు.

"కొన్నాళ్ళే చెల్లెమ్మా. కేసు తేలిందాకా. ఆనక ఇంతకింత పెద్దది పాతుకుందాం. పాలరాయితో చేయిద్దాం."

దీనమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఏ సిలువ గురించి అంటున్నాడో మొదట ఆమెకు అందలేదు. అందాక చేతులు ఆగిపోయాయి.

"నా బిడ్డ తలకాడ సిలువా అన్నయ్యా?"

గుమ్మంలో నిలబడ్డ కోడలు కెజియా చెప్పింది. "అదే అత్తా. లాయరు గారు గూడా అదే అన్నాడు. నీకు చెప్పడానికి నాకు నోరు రాలా. అందుకని పెదనాన్నని తీసుకొచ్చా."

ఇశ్రాయేలు దీనమ్మకు ఒక్కడే కొడుకు. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళకు ఆటో తోలేవాడు. మిరపకోతల కాలం వస్తే పేటలోని ఆడవాళ్ళ ముఠాను పొద్దున్నే ఎక్కించుకుని చేలకు చేర్చి, సాయంత్రం ఎవరి గుమ్మం ముందు వాళ్ళను దింపేవాడు. ఏ రోజు ఏ రైతుకు కోతన్నది అతనే మాట్లాడేవాడు, ఇచ్చిన మాట తప్పేవాడు కాదు. చివరికి ఆ మాటే అతని ప్రాణం మీదికి తెచ్చింది. కిందటేడు ఫిబ్రవరిలో ఉన్నట్టుండి మబ్బులు కమ్మాయి. పండిన కాయ చెట్టు మీద ఉండగా వాన పడితే రంగు పోయి తాలు అయిపోతుంది, ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది. ఊళ్ళో రైతు అంకమ్మరావు కొడుకు శ్రీకృష్ణ కాలవ కట్ట మీద ఆటోకు మోటారుసైకిలు అడ్డం పెట్టి, ముఠాను తన చేలోకి తోలమన్నాడు.

"రేపు పొద్దున్నే తోలుకొస్తానన్నా. ఇయ్యాళ వేరేవాళ్ళకి మాటిచ్చా," అన్నాడు ఇశ్రాయేలు.

అప్పుడు శ్రీకృష్ణ కులం పేరెత్తాడు. మీకూ ఒక మాటంట్రా, మీరూ మాటిచ్చేవాళ్ళయ్యారంట్రా అన్నాడు. ఆ తిట్టు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు, అక్కడున్న వాళ్ళందరూ దాన్ని పుట్టినప్పటి నుంచీ వింటున్నవాళ్ళే. ఇశ్రాయేలు ఆటో దిగి, "కులమెందుకన్నా, తిన్నగా మాట్లాడు," అన్నాడు. ఆటో సీటు కింద ఉండే జాకీ రాడ్డు శ్రీకృష్ణ చేతిలోకి ఎలా వచ్చిందో, తల మీద ఎప్పుడు పడిందో కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోయింది. ఆటోలో ముందు వరసలోనే దీనమ్మ కూర్చుని ఉంది. గుంటూరు ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఊపిరితో ఉండి, ఒక్క మాట కూడా చెప్పకుండా ఇశ్రాయేలు వెళ్ళిపోయాడు.

ఆటో నిండా మనుషులున్నారు. పోలీసులొచ్చి అడిగితే, మిరప ఘాటుకు మొహాలకు గుడ్డలు కట్టుకున్నాం, ఏమీ కనపళ్ళేదన్నారు. ఆ గుడ్డలు ముక్కుకూ నోటికీ కట్టుకుంటారే గాని కళ్ళకు కట్టుకోరని ఎస్సైకీ తెలుసు. వాళ్ళను తిట్టడానికి దీనమ్మకు మనసొప్పలేదు. రేపు మళ్ళీ ఆ చేలల్లోనే కాయ కొయ్యాలి. చూశానని చెప్పే గొంతు ఆమెదొక్కటే మిగిలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ పేటలో అందరూ ఆదివారం చర్చికి పోయేవాళ్ళే. అందరూ కాగితాల్లో హిందువులే. ఇందులో దాపరికమేమీ లేదు, ఎమ్మార్వో ఆఫీసు బంట్రోతు దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా తెలియనివాళ్ళు లేరు. క్రైస్తవులమని రాయించుకుంటే ఎస్సీలు కాకుండా పోతారు. పిల్లల చదువులకు ఆసరా పోతుంది, ఉద్యోగాలు పోతాయి, కులం పేరుతో తిట్టి కొట్టినవాణ్ణి పట్టుకునే చట్టమూ పోతుంది. మతం మారితే కులం పోయిందని చట్టం అనుకుంటుంది. ఊరు మాత్రం ఏనాడూ అలా అనుకోలేదు. ఆ వేషం వాళ్ళు సరదా పుట్టి కట్టుకున్నది కాదు, బతకడానికి తాతల నాడు కట్టుకున్నది. ఇప్పుడు విప్పబోతే చర్మంతో సహా వస్తుంది.

గుంటూరులో కేసు చూసే ప్రభుత్వ లాయరు సంజీవరావు కూడా అలాంటి పేటలోంచి వచ్చినవాడే. దీనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, నెమ్మదిగా చెప్పాడు.

"చూడమ్మా, మన బలమంతా ఆ అట్రాసిటీ చట్టంలోనే ఉంది. అది ఉంటే కులం పేరుతో అవమానించి చంపాడని నిలబెట్టొచ్చు. లేదనుకో, ఏదో మాటా మాటా పెరిగింది, కోపంలో చెయ్యి జారింది అంటారు. నాలుగు రోజుల్లో బెయిలు మీద బయటికొస్తాడు. వాళ్ళ లాయరు నిన్ను అడగబోయేది ఒక్కటే, మీరు క్రైస్తవులా అని. కాదు, హిందువులం అను. చర్చికి పోతావా అంటే, నలుగురితో పాటు ఎప్పుడన్నా పోతా అను."

"అబద్ధం గదా బాబూ."

"నీ కాగితంలో ఉన్నదే చెబుతున్నావు. అది అబద్ధమైతే నాదీ అబద్ధమేనమ్మా," అన్నాడు సంజీవరావు. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం చూడలేదు, ఫైలు కట్టకున్న తాడు సవరించాడు.

చెడ్డవాళ్ళు చెడు చెయ్యమంటే తిప్పికొట్టడం తేలిక. దీనమ్మకు ఆ తేలిక కూడా దక్కలేదు. ఆమెను తప్పు దారికి రమ్మని పిలిచినవాళ్ళంతా ఆమె కోసం ఏడ్చినవాళ్ళే. పైగా ఆమెకే ఆ దారిన పోవాలని ఉంది, దాచడమెందుకు? శ్రీకృష్ణ జైల్లో జుట్టు నెరిసిపోయి, వంగిపోయి, అక్కడే చావాలని ఆమె కోరిక. ఉపవాస ప్రార్థనల్లో ఆమె కొంగు మొహాన కప్పుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, పాపం ఓదార్పు కోసం ప్రార్థిస్తోందని పక్కవాళ్ళు వీపు నిమిరేవాళ్ళు. ఆమె అడుగుతున్నది ఓదార్పు కాదు, వాడి చావు.

ఇంట్లో మార్పులన్నీ కెజియానే చేసింది. గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండరు తీసేసింది. గుంటూరు బజారు నుంచి వెంకటేశ్వరస్వామి పటం తెచ్చి దాని మేకుకే తగిలించింది. ఇంకా బడికి కూడా పోని కూతురు జెస్సీకి, ఎవరన్నా అడిగితే పేరు జశ్విత అని చెప్పడం నేర్పింది. నుదుట బొట్టు పెట్టింది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని మురిసిపోయింది గాని, భోజనం ముందు అలవాటు కొద్దీ కళ్ళు మూసుకోబోతే తల్లి చెయ్యి పట్టుకుని లాగేసరికి బిక్కమొహం వేసింది.

"ఆ సామి ఏం పాపం చేశాడే కెజియా? మన దొంగసాక్ష్యంలోకి ఆయన్ని గూడా ఎందుకు ఇరికించడం?" అంది దీనమ్మ పటం వైపు చూసి.

"అత్తా, నీకు దణ్ణం పెడతా. ఈ ఒక్క పనీ కానియ్యి."

"నా బిడ్డ ఉంటే ఒప్పుకునేవాడా?"

"ఉంటే ఈ పనెందుకొచ్చుద్ది?" అని కెజియా గోడకు చేరగిలబడి ఏడ్చింది. "ఆయన్ని తిట్టేటప్పుడు ఆ శ్రీకృష్ణ అడిగాడా అత్తా, నువ్వు ఏ దేవుడికి మొక్కుతావురా అని? మరి కోర్టులో మనల్నెందుకు అడగాల? నీ కొడుకుని దేవుడు తీసుకున్నాడని నువ్వు అనుకోగలవు. నేను అనుకోలేను. నా మొగుణ్ణి మనిషి చంపాడు. వాడు లోపలుండాల. నాకింకేం వద్దు."

మర్నాడు దీనమ్మ పలుగు తీసుకుని తనే బయల్దేరింది. ఆదాం మనుషుల్ని పంపుతానంటే వద్దంది. "పాతినప్పుడు పక్కనున్నదాన్ని. పీకేదైతే నేనే పీకుతా," అంది.

ఊరికి పడమటగా, పత్తి చేల మధ్య సమాధుల దొడ్డి. అక్కడ సిలువలన్నీ తెలుపు, ఇశ్రాయేలుది ఒక్కటే పసుపుపచ్చ. ప్రత్తిపాడులో వెల్డింగు షాపున్న పీరు అతనికి చిన్నప్పటి స్నేహితుడు. ఆటో మీద మూటలు కట్టుకునే క్యారియరు చేసిపెట్టింది అతనే. కెజియా ఆటో అమ్మేస్తుంటే ఆ క్యారియరు ఊడదీసుకుపోయి, దాని కమ్మీలతో సిలువ చేసి, ఆటో రంగే పూసి, భుజాన వేసుకుని ఇక్కడి దాకా మోసుకొచ్చాడు. దూరాన్నించి చూస్తే ఇశ్రాయేలు ఆటో ఆపి కాసేపు దిగినట్టు ఉండేది. దీనమ్మ కోతకు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ పసుపు కనబడినంత దూరం మెడ తిప్పి చూస్తూనే ఉండేది.

నల్లరేగడి ఎండకు బిగిసి రాయైపోయింది. మిట్టమధ్యాహ్నం ఒక్కతే పలుగుతో పొడిచి పొడిచి, చేతులు బొబ్బలెక్కేదాకా పెళ్ళగించింది. సిలువ కదిలి పైకొచ్చినప్పుడు అడుగున గడ్డకట్టిన మట్టి కూడా వచ్చింది. ఆ గడ్డను రాల్చడానికి ఆమెకు చేతులాడలేదు. మట్టితో సహా పాత గోతంలో చుట్టి, భుజాన వేసుకుని ఇంటికొచ్చి, పెరట్లో వంటకని పోగేసిన పత్తికట్టె కింద దాచింది. దొడ్డి గట్టు దాకా వెంట వచ్చిన కెజియా లోపలికి రాలేదు, తిరిగొచ్చే దారంతా అత్త వెనకే ఏడుస్తూ నడిచింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజన సంస్కారం. రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె వరస వెంట వచ్చాయి. దీనమ్మ చెయ్యి చాపలేదు, పక్కామెకు దారి ఇచ్చి తల వంచుకుంది. సాయంత్రం పాస్టరు గారు ఇంటికొచ్చాడు. ఇశ్రాయేలుకు బాప్తిస్మం ఇచ్చిందీ, పెళ్ళి చేసిందీ, మట్టి వేసిందీ ఆయనే.

"సంస్కారం ఎందుకు తీసుకోలేదు దీనమ్మా?"

"నా చేతులు బాగాలేవు అయ్యగారూ."

ఆయనకు అర్థమైంది. "నువ్వు చేసింది దేవుడు అర్థం చేసుకుంటాడమ్మా."

"ఆయన చేసుకుంటాడు. నాకే అర్థం కావట్లా." దీనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నా కొడుకు ఎక్కడున్నాడు అయ్యగారూ?"

"ప్రభువు దగ్గరున్నాడమ్మా."

"మీరు ఆ రోజు సమాధి కాడ గూడా అదే చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను అన్నం తింటున్నా. ఇప్పుడు బోనెక్కి ఆయన నాకేమీ కాడని చెప్పాల గదా. ఆయన నాకేమీ కాకపోతే, నా కొడుకు ఎవరి దగ్గరున్నట్టు?"

"నా పిల్లాడి ఉద్యోగం ఆ కాగితంతో వచ్చిందేనమ్మా. నీకు ఏమని చెప్పను? ఏ మొహంతో చెప్పను?" అన్నాడు పాస్టరు గారు. ప్రార్థన చేద్దామని లేచాడు గాని, ప్రభువు నేర్పిన ప్రార్థనలో మమ్మల్ని శోధనలోకి తేవద్దన్న మాట దగ్గర ఆగిపోయాడు. మిగతాది దీనమ్మే పూర్తి చేసింది. కెజియా పెట్టిన టీ తాగకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

వాయిదా రోజు గుంటూరు బస్సులో దీనమ్మ కిటికీ పక్కన కూర్చుని తనూ ఒక ప్రార్థన చేసుకుంది. దాంట్లో అందమైన మాటలేమీ లేవు. "ప్రభువా, అబద్ధం చెప్పే ధైర్యమన్నా ఇయ్యి, నిజం చెప్పే బలమన్నా ఇయ్యి. ఇట్టా మధ్యలో ఉంచి చంపమాక."

కోర్టు హాల్లో శ్రీకృష్ణ నిలబడి ఉన్నాడు. బాగా చిక్కాడు. వెనక బల్ల మీద అతని తల్లి సుబ్బరావమ్మ. ఆమె చేలో దీనమ్మ ఎన్ని కాపులు కాయ కోసిందో లెక్కలేదు. ఇద్దరి చూపులూ ఒకసారి తగిలి పక్కకు తప్పుకున్నాయి. బోనెక్కాక దేవుని సాక్షిగా అంతా నిజమే చెబుతాననిపించారు. ఏ దేవుడని ఎవరూ అడగలేదు. దీనమ్మకు మాత్రం ఎవరికి మాటిచ్చిందో తెలుసు.

సంజీవరావు అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పింది. కాలవ కట్ట, మోటారుసైకిలు, తిట్టు, రాడ్డు. తిట్టేమిటో కూడా చెప్పమంటే చెప్పింది. తర్వాత శ్రీకృష్ణ తరఫు లాయరు లేచాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. ముందు మామూలుగానే అడిగాడు. మీరు ఏ మతం అన్నాడు.

దీనమ్మ నాలుక మీద నేర్పిన మాట ఉంది. "కాగితంలో హిందువులనే ఉందండి," అంది. సంజీవరావు ఊపిరి వదిలాడు.

ఆ లాయరు ఒక ఫోటో తీసి చూపించాడు. "ఇది మీ అబ్బాయి సమాధేనా అమ్మా?"

"అవునండి."

"దీని మీద సిలువ ఉందా?"

ఫోటోలో సిలువ లేదు. పీకిన తర్వాత తీసిన ఫోటో అది, చుట్టూ సిలువలున్న దొడ్డి క్రైస్తవులదని చూపించాలని తెచ్చినట్టుంది. లేదండి అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. దేవుడి కళ్ళలోకి చూసి కూడా చెప్పగల మాట. అందరూ కలిసి ఆమె కోసం ఎంత మెత్తగా పరిచారో ఆ దారిని! కెజియా రెండు చేతులూ జోడించి అత్త వైపే చూస్తోంది.

దీనమ్మ ఫోటో చూసింది. సమాధి తల దగ్గర ఒక గొయ్యి. పళ్ళూడిన నోరులా బోసిగా, నల్లగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళకందరికీ సిలువలున్నాయి, తన బిడ్డ ఒక్కడే దిక్కులేనివాడిలా పడున్నాడు. బాప్తిస్మం రోజున వాడు కాలవలోంచి పైకి లేచి, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ, "అమ్మా, ఇప్పుడు నేను ఎవరి బిడ్డని?" అని అడిగాడు. అప్పుడు వాడికి మీసాలు కూడా రాలేదు. "యేసయ్య బిడ్డవి. ఆయన తర్వాతే నాకు," అని తను తడి తల తుడిచింది. అన్న నోటితోనే ఇప్పుడు వాణ్ణి ఎవరికీ కాకుండా చెయ్యాలి.

"ఉందామ్మా, లేదా?" లాయరు మళ్ళీ అడిగాడు.

"ఉందండి," అంది దీనమ్మ. "పసుప్పచ్చది. నేనే పీకానండి."

ఆ లాయరు కూడా ఇది ఊహించలేదు.

"ఎందుకు పీకావు?"

"ఉంటే కేసు పోద్దేమోనని పీకానండి. ఎవరూ చెప్పలా. నా ఆశే." ఆ చివరిది మాత్రం అబద్ధం. ఆదాంనూ, కెజియానూ, సంజీవరావునూ కాయడానికి ఆడింది. ఆ అబద్ధానికి తర్వాత ఎన్నో రోజులు మోకరించింది.

"అయితే మీరు క్రైస్తవులేనా?"

"అవునండి. నేనూ, నా కొడుకూ. వాడు యేసయ్యని నమ్మి చచ్చిపోయాడు. నేను గూడా అట్టాగే పోవాల." ఆమె జడ్జి వైపు తిరిగి చేతులు జోడించింది. "అయ్యా, నేను ఏ గుడికి పోయినా అతను తిట్టింది నన్నే, నా బిడ్డనే. ఆ తిట్టు పోలేదు గదండీ, చట్టం ఎట్టా పోద్ది? మేం క్రైస్తవులమన్నది నిజమని రాసుకున్నట్టే, నా కళ్ళ ముందు కొట్టాడన్నది గూడా నిజమని రాసుకోండయ్యా."

జడ్జి గారు రెండూ రాయించారు. రెండింటికీ ఒకటే విలువ ఉండదని దీనమ్మకు తర్వాత తెలిసింది.

వరండాలో కెజియా ఆమె చెయ్యి విదిలించి కొట్టింది. "నీ దేవుడు నీకు దక్కాడత్తా. నాకేం దక్కింది? చెప్పు, నాకేం దక్కింది? నీ కొడుకుని రెండోసారి చంపావు నువ్వు," అని అందరూ చూస్తుండగా నేల మీద కూలబడి నెత్తి కొట్టుకుంది. దీనమ్మ ఎత్తబోతే తోసేసింది. సంజీవరావు వాళ్ళను దాటుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సుబ్బరావమ్మ దగ్గరకొచ్చి చేతులు పట్టుకోబోయింది. "నువ్వు దేవతవే దీనమ్మా, నా బిడ్డని..."

"నీ బిడ్డ కోసం చెప్పలా," అంది దీనమ్మ, చేతులు వెనక్కి లాక్కుని. "నీ బిడ్డ చావాలని రోజూ అడుగుతున్నా. దాన్నించి గూడా నన్ను కాయమని అడుగుతున్నా. పో ఇక్కణ్ణించి."

నిజం చెప్పాక మనసు తేలికపడుతుందని ఎవరన్నా అంటే నమ్మకండి. దీనమ్మకు తేలికపడలేదు. సంజీవరావు చెప్పినట్టే అయింది. ఆ చట్టం కింద పెట్టిన సెక్షను కొట్టేశారు, కేసు వేరే కోర్టుకు పోయింది, వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. శ్రీకృష్ణ బెయిలు మీద ఇంటికొచ్చాడు. పత్తి విత్తనాలప్పుడు అతను ట్రాక్టరు మీద పేట ముందు నుంచి పోతుంటే దీనమ్మ తలుపు వేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని కూర్చునేది. కెజియా ఒక్క చీర సంచీతో, పిల్లను చంకనేసుకుని చీరాలలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. అక్కడ మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరిందని ఎవరో చెప్పారు.

పేటవాళ్ళు మాట్లాడటం మానేశారు. అది కోపం కాదు, భయం. బోనులో దీనమ్మ చెప్పింది తన ఒక్కదాని సంగతి కాదు, రేపు ఎవరి పిల్లవాడి కాగితం మీదికైనా రావచ్చు. చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఆదాం గంట కొట్టి, ఆమె పక్క నుంచే తల తిప్పుకుని పోయేవాడు. ఆమె మాత్రం వెళ్ళడం మానలేదు. సంస్కారానికీ మళ్ళీ చెయ్యి చాపింది.

కోర్టు నుంచి వచ్చిన మర్నాడే ఆమె గోతం విప్పి సిలువ తీసుకుని దొడ్డికి పోయింది. సాయం రమ్మంటే ఎవరూ రాలేదు. ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో మట్టి పోసింది. పట్టుకుంటే మట్టి పడదు, మట్టి పోస్తే సిలువ నిలవదు. మట్టి గట్టిపడాలంటే కాళ్ళతో తొక్కాలి. కొడుకు తలకాడ కాలు పెట్టడానికి ఆమె వల్ల కాలేదు. అరచేతులతో తట్టి వదిలేసింది. నాలుగు వానలకే అది పక్కకు ఒరిగింది. చూసినప్పుడల్లా ఆమెకు ఆటో టైరు పంచరై ఒరిగినట్టు ఉండేది.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. సాయంత్రం పేట పేటంతా దొడ్డిలో ఉంది. సున్నాలు వేసుకున్న సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు. దీనమ్మ చుట్టూ మాత్రం జాగా ఖాళీ. ఒరిగిన సిలువ పక్కన ఆమె ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"నాన్న సిలువ వంకరగా ఉందేం నానమ్మా?"

తల తిప్పి చూస్తే జెస్సీ. వెనక కెజియా, చేతిలో వెలిగించని కొవ్వొత్తి. చిక్కి సగమైంది. అత్త వంక చూడకుండా వంగి కొవ్వొత్తి వెలిగించి సమాధి మీద పెట్టింది.

"పట్టుకునేవాళ్ళు లేరే తల్లీ," అంది దీనమ్మ పిల్లతో.

కెజియా రెండు చేతులతో సిలువను పట్టుకుని తిన్నగా నిలబెట్టింది.

"తొక్కు," అంది.

"వాడి తలకాయి ఇక్కడే ఉంటదే కెజియా."

"తెలుసు. చేత్తో తడితే ఆగుద్దా? తొక్కు అత్తా." ఆమె కళ్ళలోంచి నీళ్ళు సిలువ పట్టుకున్న చేతుల మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "నేను నిన్ను క్షమించలా. క్షమిస్తానో లేదో గూడా తెలవదు. ఆయన సిలువ వంకరగా ఉంటే నేను చూళ్ళేను. అంతే."

"తెలుసమ్మా," అంది దీనమ్మ.

లేచి చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. పొత్తిళ్ళలో ఉన్నప్పుడు ఈగ వాలితే ఓర్చుకోలేక కొంగుతో విసిరిన తల అది. "కాలు పెడుతున్నారా అయ్యా, ఏమనుకోమాక," అని గొణిగి, కన్న కొడుకు తలకాడి మట్టిని, బిగిసేదాకా, తొక్కడం మొదలుపెట్టింది.